గేరు లేని పాత బండి కొనేముందు

1984వ సంవత్సరానికి పూర్వం మన పట్టణాలలో స్కూటరు నేర్చుకోవడమంటే ముందుగా ఎడమచేతికి ఒక విద్య నేర్పడమే. క్లచ్చి బిగించాలి, పిడిని మణికట్టుతో త్రిప్పాలి, గేరు పడినదో లేదో వేళ్ళకే తెలియాలి. ఆ సంవత్సరం కైనెటిక్ సంస్థ, జపాను దేశపు హోండా సంస్థ కలిసి ఇండోరు సమీపాన పీథంపూర్‌లో తయారుచేయ నారంభించిన స్కూటరు ఈ విద్యను అనవసరం చేసింది. మీట నొక్కితే ఇంజను మేల్కొనేది. కుడిచేతి పిడి త్రిప్పితే బండి కదిలేది. చీర కట్టుకున్న ఉపాధ్యాయినులు, మోకాళ్ళ నొప్పులున్న గుమాస్తాలు, గేరంటే భయపడేవారు దానిని ఇష్టపడ్డారంటే ఆశ్చర్యమేమున్నది?

1998లో హోండా ఆ భాగస్వామ్యం నుండి వైదొలగింది. తొలినాటి బండ్ల వయస్సు ఇప్పుడు నలభై దాటింది. అయినప్పటికీ వాటిని వెదకి కొనేవారున్నారు. కొందరిది తండ్రిగారి బండి మీది మమకారం. కొందరిది పాత యంత్రాల మీది ప్రీతి. 2025లో దాని పేరునూ రూపాన్నీ గుర్తుచేస్తూ విద్యుత్తుతో నడిచే స్కూటరు ఒకటి వెలువడిన తరువాత పాతదానిని గూర్చి విచారించేవారు మరికొందరు కలిశారు. అటువంటివారికి ఉపయోగపడగల సంగతులు కొన్ని ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

బండిని చూడబోయే ముందు అమ్మేవారికి ఒక్క మాట చెప్పండి: “నేను వచ్చేవరకు ఇంజను తీయవద్దు.” వెళ్ళగానే సైలెన్సరు మీద చేయి ఉంచండి. వెచ్చగా ఉన్నదంటే ఎవరో మీకంటె ముందుగా దానిని బుజ్జగించి ఉంచారన్నమాట. చల్లని ఇంజను చెప్పే నిజం వేడి ఇంజను చెప్పదు. సెల్ఫు మీట నొక్కకుండా మొదట కిక్కు కొట్టి చూడండి. పాదానికి ఎదురు తిరిగే బలం స్పష్టంగా తెలియవలె. కాలు నీటిలో దిగినట్లు మెత్తగా దిగిపోతే పిస్టను వలయాలో, బోరో అరిగినవని అనుమానించవచ్చు. బోరు చేయించారా, ఎన్నిసార్లు చేయించారు అని అడగడంలో మొగమాటం అక్కరలేదు. ఒకసారి చేయించినది దోషం కాదు. ఇక చేయించడానికి లోహం మిగలనిది దోషం.

ఇది రెండు స్ట్రోకుల ఇంజను. కందెన నూనె పెట్రోలుతో పాటే కాలిపోతుంది. ఇతర బండ్లు చాలావాటిలో పెట్రోలు పోయించుకొనేటప్పుడే నూనె కలపాలి; ఇందులో నూనెకు వేరొక తొట్టి, దానిని కొలిచి అందించే చిన్న పంపు ఉన్నవి. నా దృష్టిలో ఈ బండి ప్రాణం ఆ పంపులోనే ఉన్నది. సాధారణంగా కొనేవారు పొగను చూచి భయపడతారు. చల్లగా ఉన్నప్పుడు కొంచెం నీలిపొగ రావడం, వేడెక్కిన కొలది అది పలచబడడం సహజమే. దట్టమైన పొగ ఎంతకూ తగ్గకపోతే పంపు ఎక్కువగా పోస్తున్నదో, పంపు పనిచేస్తుండగానే ఎవరైనా పెట్రోలులో కూడ నూనె కలిపారో విచారించవలె. అయితే పొగ బొత్తిగా లేకపోవడమే ఎక్కువ భయంకరం. నూనె అందడం లేదేమో! “ఆయిలు ఎన్నాళ్ళకొకసారి పోస్తారండీ?” అని మాటల సందర్భంలో అడిగి చూడండి. రోజూ తిరిగే బండికి ఏడాదిగా పోయలేదని గర్వంగా చెప్పే యజమాని తనకు తెలియకుండానే అసలు సంగతి చెప్పివేశాడు. నూనె అందని పిస్టను ఏదో ఒక క్షణాన సిలిండరులో బిగుసుకుపోతుంది, ఇంజను హఠాత్తుగా ఆగిపోతుంది. రద్దీగా ఉన్న రహదారి మీద అది జరిగితే నడిపేవారి గతి ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. కొందరు మెకానిక్కులు పంపును నమ్మక, దానిని విడదీసి, నూనెను పెట్రోలులోనే కలిపే ఏర్పాటు చేస్తారు. అది కూడ నడుస్తుంది. కాని ఆ మార్పు జరిగినదని కొనేవారికి తెలిసి తీరవలె. తెలియక ఉత్త పెట్రోలు పోయించారా, ఇంజను ఆయుష్షు కొన్ని మైళ్ళు మాత్రమే.

ఇంజను వేడెక్కిన తరువాత పిడిని ఒకసారి త్రిప్పి వదలండి. శబ్దం పైకి లేచి వెంటనే తన స్థాయికి దిగిరావలె. దిగకుండా పైననే వ్రేలాడుతూ ఉంటే ఎక్కడో గాలి చొరబడుతున్నది: కార్బురేటరు అడుగుననో, క్రాంకు పక్కనున్న సీలులోనో. మొదటిది చిన్న ఖర్చు, రెండవదానికి ఇంజను విప్పవలె. పనిలోపనిగా పెట్రోలు గొట్టాలను వేళ్ళతో వంచి చూడండి. మన దేశపు పెట్రోలులో ఎథనాలు పాలు 2025 నాటికి నూటికి 20 వంతులకు చేరింది. ఈ బండ్ల రబ్బరు గొట్టాలు, కార్బురేటరులోని రబ్బరు భాగాలు ఆ ఇంధనాన్ని ఉద్దేశించి చేసినవి కావు. అవి ఉబ్బినా, పగుళ్ళు వారినా మార్పించే ఖర్చును ధరలో లెక్క వేసుకోవలె. కారే పెట్రోలు వేడి సైలెన్సరు దరికి చేరడం హాస్యం కాదు.

ఇక గేరు లేకుండా బండి ఎట్లా నడుస్తున్నదో కొంచెం తెలుసుకుంటే పరీక్ష సులభమవుతుంది. ఇంజను వద్ద ఒక కప్పీ, వెనుక చక్రం వద్ద ఒక కప్పీ, వాటిని కలుపుతూ ఒక బెల్టు ఉన్నవి. ఒక్కొక్క కప్పీ రెండు పళ్ళెములను ఎదురెదురుగా పెట్టినట్లుంటుంది. ఇంజను వేగం హెచ్చినప్పుడు ముందరి కప్పీలోని చిన్న రోలర్లు అపకేంద్ర బలం చేత వెలుపలికి జరిగి పళ్ళెములను దగ్గరకు నెడతాయి. బెల్టు అంచుకు ఎక్కుతుంది, వెనుక కప్పీలో లోపలికి దిగుతుంది. అనగా గేరు తనంతట తానే మెట్లు లేకుండా మారుతున్నది. దీనినే వేరియేటరు అంటారు. వెనుకనున్న క్లచ్చి కూడ ఇటువంటిదే. ఇంజను నెమ్మదిగా ఉన్నంతసేపు వదలివేసి, వేగం అందుకోగానే పట్టుకుంటుంది.

చెవితో బ్రతికే వృత్తి నాది కనుక ఈ భాగాన్ని కంటికంటె చెవితో పరీక్షించడమే నాకు రుచిస్తుంది. గేరు బండి శబ్దం మెట్లు మెట్లుగా ఎక్కి దిగుతుంది. ఈ బండి గట్టిగా పరుగందుకొనేటప్పుడు శబ్దం ఇంచుమించు ఒకే శ్రుతిలో నిలిచి ఉంటుంది, వేగం మాత్రం పెరుగుతూ పోతుంది. శ్రుతి పైకి పోతూ వేగం పెరగకపోతే బెల్టు అరిగి జారుతున్నదన్నమాట. బయలుదేరేటప్పుడు బండి ఒళ్ళంతా వణికితే క్లచ్చి ముక్కలు నున్నబారి ఉంటవి. రోలర్లు ఒక ప్రక్కన అరిగి బల్లపరుపైతే బండి సాఫీగా సాగక, అందుకోవలసిన వేగాన్ని అందుకోలేదు. సమతలం మీద ఒంటరిగా నడిపి ఊరుకోవద్దు. వెనుక ఒకరిని కూర్చోబెట్టుకొని ఎత్తు ఎక్కించండి. విశాఖపట్నంలో గాని, బంజారా హిల్స్‌లో గాని ఎత్తులకు కొదవ లేదు గదా.

వీలైతే బెల్టు మూతను విప్పించండి. లోపల కొంచెం నల్లని పొడి సహజం. నూనె మరకలు, బెల్టు అంచున లేచిన దారాలు, పంటి మధ్య పగుళ్ళు సహజం కావు. తరువాత బండిని నడిమి స్టాండు మీద నిలిపి ఇంజను నెమ్మదిగా తిరగనివ్వండి. వెనుక చక్రం బద్ధకంగా తిరిగితే తప్పు లేదు, బ్రేకు తాకగానే ఆగవలె. జోరుగా తిరుగుతున్నదంటే ఇంజను వేగం ఎక్కువగా కట్టారో, క్లచ్చి స్ప్రింగులు సడలినవో. అటువంటి బండి కూడలిలో ఎర్రదీపం దగ్గర నిలువక ముందుకు దూకుతుంది. చంటిపిల్లను ముందు నిలబెట్టుకొని వెళ్ళే తండ్రులు మన వీధులలో ఎందరో ఉన్నారు.

బ్రేకుల మాట. తక్కువ వేగంలో క్లచ్చి వదలివేయగానే ఇంజను బండిని ఆపడంలో ఏ సాయమూ చేయదు. భారమంతా రెండు డ్రమ్ములదే. రెండు బ్రేకులూ చేతులతో పట్టేవే. పిడికి తగిలేవరకు లాగినా బండి ఆగకపోతే లైనింగులు అయిపోయినవి. టైర్లు కొత్తగా కనబడినా మోసపోవద్దు. ప్రక్కన అచ్చువేసిన నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతవి. నిలువ ఉండి గట్టిపడిన రబ్బరు వానలో నేలను పట్టదు.

కొత్త బ్యాటరీ పెట్టి అమ్మడం పాత ఉపాయం. బ్యాటరీ ధ్రువాల మధ్య మీటరు ఉంచి ఇంజను వేగం పెంచితే 13 దాటి 14 వోల్టుల దరిదాపులకు రావలె. రాకపోతే ఆ కొత్త బ్యాటరీ రేపో ఎల్లుండో పాతదవుతుంది. రంగు విషయం నేను చెప్పను. రంగు ఎవరైనా వేయగలరు. కాళ్ళు పెట్టుకొనే పలక అడుగున, బ్యాటరీ చుట్టూ త్రుప్పు ఎంత తిన్నదో మాత్రం దీపం వేసి చూడండి. విడిభాగాలకు హైదరాబాదులో పుత్లీబౌలీ, విజయవాడలో ఆటోనగర్ ముందుగానే ఒకసారి తిరిగి రావడం మంచిది. విరిగిన పలకో, దొరకని పంపో కొన్న తరువాత వెదకవలసి వస్తే బండి వెల కంటె తిరుగుడు వెల ఎక్కువ.

యంత్రం ఎంత బాగున్నా కాగితాలు బాగుండకపోతే బేరం మానుకొమ్మనే నా సలహా. ఆర్.సి.లోని ఇంజను సంఖ్య, చాసిస్ సంఖ్య బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం పోల్చుకోవలె. ఆకురాయి పెట్టిన గుర్తులున్నచోట ఆగిపోవలె. సొంత వాహనానికి నమోదు 15 సంవత్సరాలు చెల్లుతుంది, ఆపైన అయిదేసి సంవత్సరాలకు 25వ నంబరు ఫారంతో పొడిగించుకోవలె. 1990లో నమోదైన బండికి 2005లో మొదలుకొని 2025 వరకు అయిదుసార్లు ఆ ముద్ర పడి ఉండవలె. ఇరవై ఏళ్ళు దాటిన వాహనాలకు ఈ రుసుమును 2025లో పెంచారు కనుక ఆ బాకీ ఎవరిదో ముందే తేల్చుకోండి. ఏపీ 09 అనే అక్షరాలు చూచి బండి నేటి ఆంధ్రప్రదేశ్‌దని అనుకోవద్దు. రాష్ట్ర విభజన జరిగిన 2014కు ముందు హైదరాబాదులో నమోదైనవాటిలో అనేకానికి ఆ సంఖ్య ఉన్నది. పొరుగు రాష్ట్రం నుండి తేవలెనంటే అక్కడి అధికారి ఇచ్చే నిరభ్యంతర పత్రం కావలె.

అమ్మేవారికి కూడ ఒక మనవి. “వాళ్ళే పేరు మార్పించుకుంటారులే” అని తాళాలు ఇచ్చి పంపేవారు ఎక్కువ. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో ఆ సంగతి అధికారికి తెలుపవలె. బండి చేతులు మారినప్పటికీ రికార్డులో పేరు మారనంతవరకు ప్రమాద పరిహారానికి ఆ పేరుగల యజమానియే బాధ్యుడని సర్వోన్నత న్యాయస్థానం 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. భర్త గతించిన తరువాత మూలనున్న స్కూటరును ఒక ఇల్లాలు అమ్మదలచినదనుకోండి. ఆమె ముందుగా 31వ ఫారం ద్వారా దానిని తన పేరిట మార్చుకోవలె. ఆ తరువాతనే మీకు అమ్మవలె. ఈ తిరుగుడు ఆమెకు కష్టమైతే మీరు వెంట వెళ్ళి చేయించండి. ధర తగ్గించమని బేరమాడడానికి దానిని సాకు చేసుకోకండి.

29, 30 నంబర్ల ఫారాల మీద సంతకాలు పడి, బీమా కాగితం చేతికి వచ్చిన తరువాత డబ్బు లెక్కపెట్టండి. ఇంటికి వచ్చే దారిలో ముందుగా రెండు స్ట్రోకుల నూనె ఒక డబ్బా కొని, తొట్టి నిండుగా పోసి, మొదటి వారం రోజులలో అది ఎంత దిగినదో గుర్తు పెట్టుకొని చూడండి.