ఆంగ్ల వాక్యమున పదముల చోటు

మన యిండ్లలో పిల్లలు ఆంగ్లపదముల అర్థములను వందలకొలదిగా వల్లించుచున్నారు. అయినను నాలుగు వాక్యములు సొంతముగా వ్రాయుమన్నచో వారి కలము సాగదు. లోపము పదములు తెలియకపోవుటలో లేదు. వానిని ఎక్కడ నుంచవలయునో తెలియకపోవుటలో నున్నది. ఈ పూట మనము ఆ సంగతిని ముచ్చటించుకొందము.

తెలుగున "వేటగాడు పులిని చంపెను" అనవచ్చును, "పులిని వేటగాడు చంపెను" అనియు అనవచ్చును. ఎట్లన్నను చచ్చినది పులియే. "ని" అను విభక్తి పదము వెంట నుండి అర్థమును కాపాడును. ఆంగ్లనామములలో కర్మకు అట్టి గుర్తు లేదు. "ది హంటర్ కిల్డ్ ది టైగర్" అన్నచో పులి చచ్చును. "ది టైగర్ కిల్డ్ ది హంటర్" అన్నచో వేటగాడు చచ్చును. ప్రాచీనాంగ్లమున విభక్తి ప్రత్యయము లుండెడివి. మధ్యయుగమున అవి క్రమముగా అరిగిపోగా, వాని పనిని పదముల వరుస చేపట్టినది. క్రియకు ముందు కర్త, తరువాత కర్మ.

తరువాతి కాలమున ఆక్స్‌ఫర్డ్ నిఘంటువునకు సంపాదకులలో ఒకరైన సి. టి. ఆనియన్స్ 1904లో తన వ్యాకరణగ్రంథమున ఆంగ్లవాక్యములకు ఐదు మాదిరులను చూపెను.

కర్తయు క్రియయు మాత్రమే యున్నది మొదటి మాదిరి: "బర్డ్స్ ఫ్లై". క్రియ తరువాత పూరకము వచ్చునది రెండవది: "రవి బికేమ్ ఎ టీచర్". కర్మ వచ్చునది మూడవది: "రవి మెట్ ఎ టీచర్". ఈ రెండును చూపునకు ఒక్క తీరుననే యున్నవి. కాని ముందటి వాక్యమున రవియే ఉపాధ్యాయుడు, మనిషి యొక్కడే. వెనుకటి వాక్యమున మనుషు లిద్దరు. పూరకమునకును కర్మకును భేద మిదియే. రెండు కర్మలున్నది నాలుగవది: "మదర్ గేవ్ ది చైల్డ్ మిల్క్". ఇందు ఎవరికి అనునది ముందు, ఏమి అనునది తరువాత వచ్చును. కర్మకే పూరకము చేరునది ఐదవది: "దే పెయింటెడ్ ది డోర్ వైట్". అనగా రంగు వేయగా తలుపు తెల్లనైనది. "వైట్" అను పదమును ముందునకు జరిపి "దే పెయింటెడ్ ది వైట్ డోర్" అన్నచో, మునుపే తెల్లగా నున్న తలుపునకు ఏదో రంగు వేసిరని అర్థము మారిపోవును.

తెలుగు పిల్లలు తడబడు తావులు ముఖ్యముగా రెండు. "ఆమె వైద్యురాలు" అనుటకు మనకు క్రియ అక్కరలేదు. ఆంగ్లమున "షి ఈజ్ ఎ డాక్టర్" అని క్రియను చేర్చక తప్పదు. "వచ్చినాడు" అన్న మాటలోనే వచ్చినది పురుషుడని మనకు తెలియును. ఆంగ్లమున "హి కేమ్" అని కర్తను విడిగా చెప్పవలయును.

కావున వాక్యమును విప్పునపుడు మొదట క్రియను పట్టుకొనవలయును. పిదప "ఎవరు? ఏది?" అని ప్రశ్నించి కర్తను, "ఎవరిని? దేనిని?" అని ప్రశ్నించి కర్మను గుర్తింపవలయును. ఎప్పుడు, ఎక్కడ, ఎట్లు అను వివరము లెన్ని చేరినను, సాధారణముగా ఈ కట్టడము చెదరదు. ఇంటికి ఆంగ్లపత్రిక వచ్చుచున్నచో, దినమునకు ఐదు చిన్న వాక్యములను ఏరి పిల్లలచే ఇట్లు విప్పించుడు. ఏ వాక్యము ఏ మాదిరికి చెందునో వారినే చెప్పనిండు. అటుపిమ్మట అదే మాదిరిని తమ యింటి సంగతులతో మరియొక వాక్యము వ్రాయుమనుడు.