దొంగ వీసా ఎవడు చేసిండు, జైలు ఎవడికి?
(గల్ఫ్ వలసల మీద మాదిగవాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



దుబాయి పోవద్దని చెప్పడానికి నేను రాలేదు. భూమి లేనోడు, కైకిలి దొరకనోడు ఎటో ఒకటు పోవాల్సిందే. ఏ కాయితం పట్టుకొని పోతున్నమో చూసుకోవాలని చెప్పడానికే వచ్చిన. పటేలు పట్వారీల కాలంలో మన కాయితాలు వాళ్ళ సందుగలో ఉండె. ఇప్పుడు ఏజెంటు సంచిలో ఉంటున్నయి.

1983 నాటి వలస చట్టం ఏం చెప్తుంది? సర్కారు దగ్గర రిజిస్టరైన ఏజెంటే పనికి పంపాలి. 30 వేలు, దాని మీద పన్ను, అంతకు మించి తీసుకోవద్దు. రశీదు ఇవ్వాలి. పది పాస్ కానోడు గల్ఫ్ పనికి పోవాలంటే ముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి. ఆ అనుమతితో పోయినోనికి 10 లక్షల ప్రమాద బీమా ఉంటది. ఈ అనుమతే ఏజెంటుకు గిట్టదు. విజిట్ వీసా అంటగడతడు, లేదంటే దొంగ మెమో పుట్టిస్తడు. ఏడుల బడి మానేసినోనికి పది ఫస్టు క్లాసు! మేం బళ్ళె గొంతు చించుకున్నా రాని మార్కులు జిరాక్సు షాపుల వస్తున్నయి.

ఆ చట్టం కింద దొంగ ఏజెంటుకు మహా అయితే 2 ఏళ్ళ జైలు, 2 వేల జరిమానా. 2 వేలకు మేకపిల్ల గూడ రాదు. ఇక 2025లో వలసలు, విదేశీయుల చట్టం వచ్చింది. పేరు చూసి మనది కాదనుకోవద్దు. దేశంలోకి వచ్చేటప్పుడే కాదు, దేశం దాటేటప్పుడు గూడ దొంగ పాస్‌పోర్టు, దొంగ వీసా తెలిసి వాడినోనికీ, సప్లై చేసినోనికీ 2 నుంచి 7 ఏళ్ళ జైలు, లక్ష నుంచి 10 లక్షల జరిమానా.

‘తెలిసి’ అనే ఆ ఒక్క మాటే మనల్ని కాపాడేది. కానీ ఎయిర్‌పోర్టుల పట్టుబడ్డనాడు ఫొటో మనది, పేరు మనది. ఏజెంటు ఫోను బంద్. పైసలు చేతికిచ్చినం, రశీదు లేదు. నాకు తెల్వదు సారూ అంటే నమ్మేదెవడు? అందుకే పైసలు బ్యాంకు ద్వారానే కట్టుండ్రి. వీసా, ఒప్పందం నకళ్ళు ఇంటి ఆడోళ్ళ దగ్గర పెట్టి పోండ్రి.

దాటి పోయినా గోస తప్పదు. వీసా గడువైపోతే ‘ఖల్లివల్లి’. 2018లో, మళ్ళా 2024లో యూఏఈ సర్కారు అట్లాంటోళ్ళకు క్షమాభిక్ష పెట్టింది. ఔట్‌పాస్ మీద మనోళ్ళు ఉత్తచేతులతో తిరిగొచ్చిండ్రు. మోసం చేసినోడు ఊర్లె మేడ కడతడు, క్షమ అడుక్కునేది మనోడా?

వచ్చే ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాలు కాడ సంఘం పిలగాళ్ళు కూసుంటరు. పోను తయారైనోళ్ళు వీసా కాయితాలు, ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు పట్టుకొని రాండ్రి. నంబరు ఇయ్యనన్న ఏజెంటు పేరు గూడ రాసుకుంటం.