హోరు కాదు, హెచ్చరిక కావాలి

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందంటే చాలు, టీవీ తెరలపై ముంచుకొస్తున్న తుపాను అంటూ హోరు మొదలవుతుంది. నిజానికి అల్పపీడనాలు చాలావరకు తుపాన్లు కావు. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే వాతావరణ శాఖ తుపానుగా గుర్తించి పేరు పెడుతుంది. ఆ శాఖ హెచ్చరికలకూ రంగులున్నాయి. పసుపు గమనిస్తూ ఉండమంటుంది, నారింజ సిద్ధంగా ఉండమంటుంది, ఎరుపు వెంటనే కదలమంటుంది. అన్నింటినీ ఒకే గొంతుతో అరిచి చెబితే ఈ తేడా వినేవారికి అందదు.

భయపెడితేనే జనం కదులుతారు కదా, నిర్లక్ష్యం కన్నా అతి మేలు కదా అని కొందరంటారు. ఒక్కసారికి అది నిజమే కావచ్చు. పదిసార్లు ప్రళయమని చెప్పి చినుకులతో సరిపెడితే పదకొండోసారి ఎవరు నమ్ముతారు? ఆ పదకొండోసారి మన ప్రాంతానికి 2023 జులైలో వచ్చింది. ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65, మన భూపాలపల్లి జిల్లా చిట్యాలలో దాదాపు 62 సెంటీమీటర్ల వాన పడింది. 20 దాటితేనే అత్యంత భారీ వర్షం అంటారు. జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచితే, చాలామంది డాబాలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. అటువంటి వేళ పనికొచ్చేది నమ్మకం మిగిలిన హెచ్చరికే. జిల్లా సూచన ప్రతి ఊరికీ ఒకేలా వర్తించకపోవచ్చు, అంచనా తప్పడమూ ఉంటుంది. కాబట్టి ఏ జిల్లా, ఏ రంగు, ఎప్పటివరకు, ఏ వాగు దాటకూడదు అన్నవి స్పష్టంగా చెప్పడమే వార్తాసంస్థల బాధ్యత. రేగొండ రైతుకైనా, వాగు ఒడ్డు కుటుంబానికైనా కావలసింది అదే.