ఊరూర తిరిగిన మగగుఱ్ఱము

జట్కా గుఱ్ఱమును ఎఱుగనివారు మన పెద్దలలో అరుదు. రైలుస్టేషను వెలుపల తల వాల్చి నిలిచియుండెడి ఆ బక్కప్రాణిని చూచి, బండి గుఱ్ఱమనగా ఇంతే కాబోలునని మేమును చిన్ననాడు తలంచితిమి. నేడు మేము చెప్పబోవు గుఱ్ఱము అట్టిది కాదు. దాని బరువు ఇంచుమించు ఒక టన్ను. మూపు కడ ఎత్తు సుమారు అయిదున్నర అడుగులు. డెక్క పళ్ళెమంత వెడల్పు. మనకు దుక్కిటెద్దు ఎట్టిదో, ఇంగ్లండు, స్కాట్లండు దేశముల రైతులకు ఒకప్పుడు ఈ బరువు గుఱ్ఱము అట్టిది. పంతొమ్మిదవ శతాబ్దమున అచ్చట నాగలి లాగినది అదియే. పట్టణములలో బొగ్గుబండిని, కాలువలలో పడవను లాగినదియు అదియే.

నడిమి జిల్లాలలో షైర్, స్కాట్లండులో క్లైడ్స్‌డేల్, తూర్పు తీరమున సఫోక్ పంచ్ అని వీనిలో మూడు ప్రసిద్ధ జాతులు గలవు. వాటి అందచందములను వర్ణించుట మా ఉద్దేశము కాదు. ఇంత మేలుజాతి జంతువు ఒకటి రెండు ఆడుగుఱ్ఱములు మాత్రమే గల చిన్న రైతు కొట్టములోనికి ఎట్లు వచ్చినదో, మరల ఎట్లు వెడలిపోయినదో చెప్పుటయే మా పని. సంసారుల ఇండ్లలో మ్రోగు పెట్టెలో పశువులను దాటించు ప్రసంగమేమిటని మా కార్యాలయముననే ఒకరు నవ్విరి. పాడి గల ఇంట ఈ మాట వినని బిడ్డ యుండదు గనుక సంకోచము మాని చెప్పుచున్నాము.

ఆడుగుఱ్ఱము దుక్కి దున్నుచునే పిల్లను మోయును. పదకొండు నెలలు మోసి ఈనిన కొన్నివారములకు మరల కాడికి వచ్చును. మగగుఱ్ఱము సంగతి వేఱు. దానికి గింజలు విస్తారముగ కావలెను, విడి కొట్టము కావలెను, దాని కోపమునకు వెఱువని మనిషి కావలెను. రెండు ఆడుగుఱ్ఱముల కొఱకు ఇంత వ్యయమును ఏ చిన్న రైతు భరింపగలడు? అందుచేత ధనవంతుడైన పెంపకందారు మగగుఱ్ఱమును ఉంచుకొని, చుట్టుపట్ల గ్రామముల రైతులకు రుసుము పుచ్చుకొని దాని సేవను ఇచ్చుచుండెను. మగజంతువును అమ్మక ఒక ఋతువునకు అద్దెకిచ్చు పద్ధతిని ప్రఖ్యాతి నొందించినవాడు లీస్టరుషైరు జిల్లా డిష్లీకి చెందిన రాబర్టు బేక్‌వెల్ (1725–1795). ఆయన తన పొట్టేళ్ళను ఇట్లే అద్దెకిచ్చెడివాడు. ఇందు ఒక తెలివి యున్నది. సొత్తు తనదే గనుక, ఇతరుల మందలలో దేనికి మంచి పిల్లలు పుట్టినవో చూచి, ఆ పోతునే తిరిగి తన మందకు వాడుకొనవచ్చును. ఇతరుల దొడ్లే ఆయనకు పరీక్షాశాలలైనవన్నమాట.

గుఱ్ఱము విషయమున ఈ వ్యాపారము కాలినడకన సాగినది. ఏప్రిలు మొదలు జూలై వఱకు, ఆడుగుఱ్ఱములు ఎదకు వచ్చు దినములలో, ఒక గుఱ్ఱపువాడు ఒంటరిగా మగగుఱ్ఱమును కళ్ళెము పట్టి నడిపించుకొని బయలుదేరెడివాడు. దాని జూలును జడలల్లి రంగుల పట్టీలు కట్టుట, తోకను ముడిచి అలంకరించుట అతని ఉదయపు పని. సోమవారము ఒక ఊరు, మంగళవారము మఱియొక ఊరు, రాత్రికి పూటకూళ్ళ ఇంట బస, ఆదివారమునకు ఇల్లు. గుఱ్ఱము పేరు, తల్లిదండ్రుల వంశము, ఏ దినమున ఏ దారిని వచ్చునో, రుసుము ఎంతయో అచ్చొత్తించిన చిన్న కార్డులు ముందుగనే రైతులకు పంచబడుచుండెను. మన పెండ్లి శుభలేఖ కంటె ఆ కార్డులో వంశవివరమే అధికము.

రైతు తన ఆడుగుఱ్ఱమును దారి కడకు తెచ్చి నిలుపును. నడుమ ఒక గట్టి తలుపు గాని పలకల దడి గాని ఉంచి, రెంటిని ముఖాముఖి కలిపి, అది ఎదలో ఉన్నదో లేదో మొదట తెలిసికొందురు. ఎదలో లేని ఆడుగుఱ్ఱము వెనుకకాళ్ళతో తన్నిన తన్నునకు వేలు ఖరీదు చేయు మగగుఱ్ఱము కుంటిదై పోవచ్చును. ఎద సుమారు మూడు వారములకొకసారి వచ్చును గనుక, గుఱ్ఱపువాడు ప్రతి వారము అదే దారిని తిరుగుచు, చూలు నిలిచినదా లేదాయని విచారించుచుండును. అతనికి కొన్ని షిల్లింగులు అప్పటికప్పుడే ముట్టును. యజమానులలో కొందఱు రుసుములో కొంత భాగమును పిల్ల పుట్టిన తరువాతనే తీసికొనెడివారు. ఈ వాయిదాను మేము మెచ్చుకొనుచున్నాము. నష్టము ఒక్క రైతు నెత్తిననే పడకుండ పంచుకొను పద్ధతి అది.

కాని మోసమునకును తావున్నది. ఆడుగుఱ్ఱము చెడ్డదైన ఏడాదికి ఒక్క పిల్ల చెడును. మగగుఱ్ఱము చెడ్డదైన ఒక్క ఋతువులోనే పదుల కొలది పిల్లలు చెడును. ఆ సంగతి బయటపడుటకు మూడు నాలుగు సంవత్సరములు పట్టును. అప్పటికి గుఱ్ఱపువాడు వేఱు జిల్లాలో ఉండును. చౌక రుసుమునకు ఆశపడి, ఊపిరిలో ఈల వేయు గుఱ్ఱమును, కాలి ఎముక పెరిగిన గుఱ్ఱమును ఆశ్రయించి చెడినవారు చిన్న రైతులే. అందుచేత 1918లో బ్రిటనులో ఒక శాసనము చేయబడినది. పశువైద్యుడు పరీక్షించి, సంతానమునకు సంక్రమించు దోషములు లేవని నిర్ణయించి, అనుమతిపత్రము ఈయనిదే ఏ మగగుఱ్ఱమును ఇట్లు ఊరూర త్రిప్పరాదని అది విధించెను.

మంచి గుఱ్ఱమునకు పలికిన వెల వినిన ఆశ్చర్యము కలుగును. స్కాట్లండులో 1900లో పుట్టిన బారన్ ఆఫ్ బుక్లైవీ అను క్లైడ్స్‌డేల్ మగగుఱ్ఱముపై ఇరువురు పెంపకందారులు హక్కు చెప్పుకొనిరి. స్నేహముగ మొదలైన పొత్తు వ్యాజ్యమై, ప్రభువుల సభ వఱకు నడచి, తుదకు 1911లో ఎయిర్ పట్టణమున గుఱ్ఱము వేలమునకు వచ్చినది. ఆ ఇరువురిలో ఒకడే దానిని 9,500 పౌనులకు పాడుకొనెను. మూడేండ్లు గడవకమునుపే, 1914లో, ఒక ఆడుగుఱ్ఱము తన్నగా కాలు విఱిగి అది చంపబడినది. దాని అస్థిపంజరమును గ్లాస్గోలోని కెల్విన్‌గ్రోవ్ ప్రదర్శనశాలకు ఇచ్చిరి.

మన దేశమున ఈ పనికి నాడు రుసుము లేకుండెను. చనిపోయిన పెద్దల పేర కోడెదూడకు అచ్చువేసి విడిచెడివారు. అది ఊరివారందఱి చేలలో మేసి, ఊరి ఆవులన్నిటికి ఆబోతై యుండెడిది. ఒంగోలు సీమలో దీనికై మేలైన దూడను ఎన్నుకొనుట గౌరవముగ నుండెడిది. నేడు పనిలేక తిరుగు యువకుని అచ్చోసిన ఆంబోతని తిట్టుచున్నాము గాని, ఆ ఆంబోతు పని చేయకున్నచో ఆ సీమకు ఆ ఎడ్లు లేవు. వారిది వర్తకము, మనది ధర్మము. చిన్న రైతునకు జరిగిన మేలు మాత్రము ఒక్కటియే.

ఇక సఫోక్ పంచ్ కథ. ఎఱ్ఱని చాయ, పొట్టి కాళ్ళు, పీపా వంటి కడుపు దాని లక్షణములు. ఆ సీమ బంకమన్ను కాళ్ళకు పట్టును గనుక, షైరు గుఱ్ఱమునకు వలె డెక్కలపై కుచ్చులుగ వ్రేలాడు వెండ్రుకలు దీనికి లేకుండుట ఒక లాభము. ఉఫర్డ్ గ్రామపు థామస్ క్రిస్ప్ కడ 1768లో పుట్టిన మగగుఱ్ఱమొకటి ఉండెను. అతడు దానిని ప్రకటనలిచ్చి చుట్టుపట్ల త్రిప్పెను. దానికి పేరైనను మిగులలేదు. క్రిస్ప్ గుఱ్ఱమనియే వ్యవహరింతురు. తక్కిన మగవంశములు ఒక్కొక్కటిగ అంతరింపగా, నేటి సఫోక్ గుఱ్ఱములన్నియు ఈ ఒక్కదాని సంతతిగ నిలిచినవి. 1877లో సంఘమేర్పడినది, 1880లో హెర్మన్ బిడెల్ కూర్చిన వంశావళి గ్రంథము వెలువడినది. బాటలపై నడచిన ఆ గుఱ్ఱపువాండ్ర శ్రమయే ఆ గ్రంథములోని పుటలు.

తరువాత ట్రాక్టరు వచ్చినది. తూర్పు సీమలో పొలములు విశాలమైనవి, చదునైనవి. యంత్రమునకు అంతకంటె ఏమి కావలెను? రెండవ ప్రపంచయుద్ధానంతరము కొట్టములు ఖాళీయైనవి. దున్నిన గుఱ్ఱములనేకము మాంసపు వర్తకుల పాలైనవి. ఆడుగుఱ్ఱములను దాటించువారు లేనిచో మగగుఱ్ఱమును పోషించువాడెవడు? అది లేనిచో మిగిలిన ఆడుగుఱ్ఱము గతి యేమి? క్షీణత ఇట్లు రెండువైపులనుండి సాగినది. 1966లో నమోదైన సఫోక్ పిల్లలు తొమ్మిది మాత్రమే. ట్రాక్టరు కొనిన రైతును మేము నిందింపజాలము. మన కాడెద్దు కడ మనమును అదియే చేసితిమి.

ఆ తొమ్మిదింటి దశనుండి జాతి మెల్లగ తేరుకొనినది గాని, ఏటేటా పుట్టు పిల్లలు నేటికిని కొన్ని పదులే. అందు మగపిల్ల పుట్టిన యజమాని ముఖము చిన్నబోవును. జాతి పెరుగుటకు కావలసినది ఆడుపిల్ల. 2020లో ఇంగ్లండులో, ఆడుపిల్లనిచ్చు వీర్యకణములను వేఱుచేసి వాడగా ఒక సఫోక్ ఆడుపిల్ల జన్మించినది. అనేక సందర్భములలో ఇప్పుడు మగగుఱ్ఱము నడచి రానక్కఱలేదు. దాని వీర్యము చల్లని పెట్టెలో వచ్చును. జూలుకు పట్టీలు లేవు, పూటకూళ్ళ ఇంట బస లేదు. అయినను ఒక్క ఆడుగుఱ్ఱము గల యజమాని, దగ్గఱి రక్తసంబంధము లేని జత కొఱకు ఆ వంశావళి గ్రంథమునే తెరువవలెను. మగవంశములను పట్టుకొని పుటలు ఎంత వెనుకకు త్రిప్పినను, తుదకు చేరునది పేరులేని ఆ క్రిస్ప్ గుఱ్ఱము కడకే.