లారీ ముందు చక్రం నుంచి మోత వస్తోందా? విప్పే ముందు ఇవి చూడండి

లారీ నడిపేవాళ్ళు, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు, ఇంట్లో నాన్నకో అన్నకో బండి ఉన్నవాళ్ళు ఈ ఎపిసోడ్ చివరిదాకా వినండి. ఈరోజు ముందు చక్రాల నుంచి వచ్చే వింత శబ్దాల గురించి మాట్లాడుకుందాం. దానికంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

అప్పటికి నేను విజయవాడ ఆటోనగర్‌లో పనిలో చేరి మూడేళ్ళు. మాకు బాగా తెలిసిన డ్రైవర్ బాబాయ్ ఒకాయన వచ్చాడు. సొంత లారీ, ఇంకా ఫైనాన్స్ కిస్తీలు కడుతున్నాడు. "ఒరేయ్, స్పీడు 50 దాటితే ముందు నుంచి గూఁ అని మోత వస్తోందిరా, ఒకసారి చూడు" అన్నాడు. నేను క్లీనర్ సీట్లో కూర్చుని రెండు కిలోమీటర్లు తిరిగొచ్చా. ఎడమ పక్క నుంచే వస్తోంది అనిపించింది. ఎడమ హబ్బు విప్పేశా, బేరింగులు మార్చేశా, డబ్బులు తీసుకున్నా.

బాబాయ్ మిర్యాలగూడలో బియ్యం లోడు ఎత్తుకుని కాకినాడ పోర్టుకి బయల్దేరాడు. తాడేపల్లిగూడెం దగ్గర టీకి ఆపితే కుడి ముందు చక్రం నుంచి పొగ! ఫోన్ చేసి ఒకటే మాట అన్నాడు: "నువ్వు మార్చింది ఎడమది, కాలింది కుడిదిరా." తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ టీకి ఆపకపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. బేరింగు పూర్తిగా పట్టేస్తే హబ్బుతో సహా చక్రం ఊడి రావచ్చు.

ఎక్కడ తప్పు చేశానంటే, నేను ఎడమ సీట్లో కూర్చున్నా కాబట్టి ఎడమ పక్క శబ్దమే ఎక్కువ అనిపించింది. ఇరుసు, ఛాసిస్ అంతా ఇనుమే కదా, శబ్దం అటూ ఇటూ పాకుతుంది. మా మేస్త్రి అప్పుడు ఒక మాట చెప్పాడు: "చెవితో అనుమానించు, చేత్తో తేల్చుకో." ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఆ మాటే అన్నమాట.

ముందు చెవి పని. టక్ టక్ అని చక్రం తిరిగే లెక్కలో వస్తే టైరు గాళ్ళలో రాయి ఇరుక్కుందేమో చూడండి, చాలాసార్లు అదే. వీల్ నట్లు వదులైనా అలాగే కొట్టుకుంటుంది, అది మాత్రం ప్రమాదం, వెంటనే ఆపండి. బ్రేకు తొక్కినప్పుడే కీచుమంటే లైనర్లు అరిగి రివెట్లు డ్రమ్ముని గీస్తున్నాయేమో చూడాలి. గుంతల్లో ధడ్ మంటే కింగ్ పిన్నో, కమాన్ కట్ట పిన్నులో. స్పీడుతో పాటు పెరుగుతూ గూఁ అంటే బేరింగు మీద అనుమానం. గేరు మార్చి ఇంజిన్ స్పీడు తగ్గించినా మోత మారలేదంటే అది చక్రాల వైపుదే అనుకోవచ్చు.

ఏ పక్కది? ఖాళీ రోడ్డు మీద నిదానంగా పెద్ద మలుపు తిప్పండి. బండి కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే ఎడమ బేరింగు, ఎడమకి తిరిగితే పెరిగితే కుడిది. నేను ఆరోజు ఈ ఒక్కటి చేసినా సరిపోయేది.

తర్వాత వేడి. ఒక 20 కిలోమీటర్లు నడిపి, బ్రేకు గట్టిగా కొట్టకుండా ఆపండి. చెయ్యి ఆనించకండి, కాలుతుంది. అరచేతి వెనక భాగం హబ్బుకి దగ్గరగా పెట్టి రెండు పక్కలూ పోల్చండి. హబ్బు మధ్యలో ఎక్కువ వేడిగా ఉంటే బేరింగు, డ్రమ్ము మొత్తం మండిపోతుంటే బ్రేకు పట్టేస్తోందని.

ఇప్పుడు జాకీ. సమంగా ఉన్న నేల మీద, వెనక చక్రాలకి దిమ్మలు పెట్టాకే ఎత్తండి. ఇరుసు కింద స్టాండు తప్పనిసరి. జాకీని నమ్మి కిందకి దూరొద్దు తమ్ముళ్ళూ. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉందా? ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. ఆట పోతే బేరింగు, అలాగే ఉంటే కింగ్ పిన్ను. తర్వాత బ్రేకు వదిలి చక్రం తిప్పండి. గరగర తెలిస్తే ఇక అనుమానం లేదు.

విప్పాక పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. రోలర్ల మీద గుంటలు, కాలి నీలం తిరిగిన మచ్చలు ఉంటే మార్చాల్సిందే. కోను ఒక్కటే కొత్తది వేసి పాత కప్పు వదిలేయొద్దు, రెండూ జతగానే మార్చాలి. ఆయిల్ సీలు కూడా కొత్తది వేయండి. పాతది కారితే గ్రీజు లైనర్ల మీద పడి బ్రేకు పట్టదు. గ్రీజు పైపైన పూయడం కాదు, అరచేతిలో పెట్టుకుని రోలర్ల మధ్యలోకి దిగేదాకా నొక్కాలి. అలాగని హబ్బు నిండా కుక్కినా వేడెక్కుతుంది.

ఇక నట్టు. చక్రం తిప్పుతూ బిగించి, కంపెనీ చెప్పిన లెక్కకి కొంచెం వదలాలి. మరీ బిగిస్తే కాలిపోతుంది, వదులైతే ఊగుతుంది. లాకు వాషరు, స్ప్లిట్ పిన్ను మర్చిపోవద్దు. పాత స్ప్లిట్ పిన్ను మళ్ళీ వాడొద్దు. పది, ఇరవై రూపాయల దగ్గర చూసుకోవద్దు. పని అయ్యాక 20 కిలోమీటర్లు నడిపి మళ్ళీ రెండు హబ్బుల వేడి చూడండి, వీల్ నట్లు ఇంకోసారి బిగించండి.

ఆ కుడి పక్క పని కూలి తీసుకోకుండా చేసిచ్చా. హబ్బు కూడా పాడైపోయింది, ఆ ఖర్చు చెరి సగం పెట్టుకున్నాం. బాబాయ్ ఇప్పటికీ మా దగ్గరికే వస్తాడు. కానీ బండి దిగగానే అడుగుతాడు: "ఏరా, రెండు పక్కలా చూశావా?" మీ మెకానిక్‌ని కూడా ఆ ప్రశ్న అడగండి. విసుక్కున్నా ఫర్వాలేదు, అడగండి.

ఈరోజుకి ఇంతే. లోడు మీద ఉన్నవాళ్ళు జాగ్రత్తగా వెళ్ళి రండి. ఉంటాను మరి.