ఇంగ్లాండు సైకిలు సంఘము – మన సాయంకాలపు బడి

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతికోత్సవంలో సైకిలు గురించి మాట్లాడటమేమిటని కొందరు నవ్వవచ్చును. కార్యదర్శిగారు మా నుండి శతకాల మీద ప్రసంగం ఎదురుచూశారు. వారు మన్నించాలి. మాది సాయంకాలపు తరగతుల్లో నేర్చుకొన్న తెలుగు. తప్పులు దొర్లితే పెద్దలు దిద్దవలెనని మనవి.

ఈ మలేసియా గడ్డ మీద మన తాతలలో చాలామందికి మొదటి ఆస్తి ఏది? భూమి కాదు, బంగారము కాదు, సైకిలు. మా తాతగారు తెల్లవారకముందే రబ్బరు చెట్లు గీయడానికి పోయి, పొద్దెక్కిన తరువాత పాల డబ్బాలు వెనుక కట్టుకొని వచ్చేవారట. అదే సైకిలు మీద మా నాన్నగారు ముందు కమ్మీ మీద ఒకరిని, వెనుక ఒకరిని కూర్చోబెట్టుకొని మమ్మల్ని తెలుగు బడికి తీసుకుపోయేవారు. దానికి డైనమో దీపం. గుంట వస్తుందని నెమ్మదిగా పోతే దీపం ఆరిపోవును. దీపం వెలగాలని వేగంగా పోతే గుంట కనబడినా లాభం లేదు!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. మన దేశాన్ని పాలించిన ఆ ఇంగ్లాండులోనే 1878 ఆగస్టు 5వ తేదీన, హారోగేట్ అనే ఊరిలో, స్టాన్లీ కాటరెల్ అనే యువకుడు కొందరు మిత్రులతో కలిసి సైకిలు యాత్రికుల సంఘమొకటి పెట్టాడు. అప్పటి సైకిలుకు ముందు చక్రం మనిషి ఎత్తు, వెనుకది పళ్ళెమంత. 1883లో దానికి సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ అని పేరు మార్చారు. 2016 నుండి సైక్లింగ్ యూకే అని పిలుచుకొంటున్నారు.

కలిసి విహారానికి పోవడం కోసం పెట్టిన సంఘమది. కాని రోడ్డు బాగులేకపోతే విహారమెక్కడ? ఏటవాలు కొండల దగ్గర, క్రింద ప్రమాదమున్నదని హెచ్చరించే పలకలు వారే పాతించారు. 1886లో మరొక సైకిలు సంఘంతో కలిసి రోడ్ల బాగు కోసం ఒక సంస్థను స్థాపించారు. మోటారు కార్లు రాకముందే మంచి రోడ్లు కావాలని అడిగినవారు సైకిలువారే. 1888 చట్టంలో సైకిలు కూడా ఒక బండియేనని వ్రాయబడినది. అంటే రోడ్డు మీద దానికీ హక్కు ఉన్నదన్నమాట.

ఆడపిల్లలు ఇది శ్రద్ధగా వినండి. 1898లో లేడీ హార్బర్టన్ అనే ఆమె సైకిలు తొక్కడానికి అనువైన వదులు లాగు వేసుకొని సర్రేలోని ఒక హోటలుకు పోగా, భోజనశాలలో కూర్చోనివ్వలేదు. సంఘము ఆమె పక్షాన నిలిచి తన ఖర్చుతో కోర్టుకు పోయినది. 1899లో ఓడిపోయినది. అయినను ఊరుకోలేదు, మూతపడలేదు. ఆ యేడు సభ్యుల సంఖ్య 60,000 దాటినది.

ఇక మనకు బాగా పనికివచ్చే కథ. 1934లో లండను వెస్టర్న్ అవెన్యూ ప్రక్కన ప్రభుత్వము సైకిళ్ళకు విడిగా బాట వేసినది. సంఘము సంతోషించినదా? లేదు, వ్యతిరేకించినది! బాట వేస్తే రేపు రోడ్డు మీదికి రావద్దంటారని వారి భయం. మొదట చదివినప్పుడు ఇదేమి మొండితనమని అనుకొన్నాము. కాని 2006లో టెల్‌ఫోర్డ్‌లో ఒక సైకిలు మనిషికి, ప్రక్కన బాట ఉండగా రోడ్డు మీద ఎందుకు పోయావని తప్పుపట్టి జరిమానా వేశారు. సంఘపు న్యాయ నిధి అప్పీలుకు సాయపడగా 2007లో అతడు గెలిచాడు. ఆ రోజులలోనే రోడ్డు నియమాల పుస్తకం మారుస్తుంటే వేలాదిమంది తమ పార్లమెంటు సభ్యులకు వ్రాశారు. బాట వాడటం నిర్బంధము కాదని చివరకు అచ్చయినది.

భయం నిజమే, ఒప్పుకొంటాము. అయినా లారీల నడుమ పోగలిగిన బలశాలికి సరిపోయే వాదన ఎనిమిదేళ్ళ పిల్లకు సరిపోతుందా? వారికీ తరువాత ఇది తోచినట్లున్నది. 2014 నుండి క్షేమమైన బాటలు కావాలని వారే ఊరూరా అడిగారు. 2022 జనవరిలో నియమాలు మరల మారినవి. గంటకు 30 మైళ్ళ లోపు వేగంతో పోయే కారు కూడా సైకిలును దాటేటప్పుడు కనీసం మీటరున్నర దూరం విడువవలెను.

మన బడి సంగతి మీకు తెలుసు. ఒకప్పుడు సాయంకాలం హాలు గోడకు పధ్నాలుగు సైకిళ్ళు ఆనించి ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. మలుపు దగ్గర లారీ రాసుకుపోయి మన పిల్లవాడి కాలు విరిగిన తరువాత తల్లులు మానిపించారు. తప్పు పట్టము. కారున్న ఇంటి పిల్లలు వస్తున్నారు. లేని ఇంటి పిల్లలకు గుణింతాలు సగంలో ఆగిపోయినవి. బాట వేయించమని మేము ఒక కార్యాలయానికి వ్రాస్తే, పిల్లలను సైకిళ్ళు తేవద్దని చెప్పండని జవాబు వచ్చినది. ఆ కాగితం దాచిపెట్టాము.

అక్కడ వేలమంది వ్రాశారు. మేము ఒక్కసారి, ఒకే సంతకంతో వ్రాసి ఊరుకొన్నాము. అది మా తప్పు. ఈసారి రెండు కోరికలు వ్రాశాము: హాలు నుండి పాత ఎస్టేటు ఇళ్ళ వరకు బాట కావాలి, బాట ఉన్నదని పిల్లలను రోడ్డు మీద తప్పుపట్టకూడదు. ఉత్తరము తెలుగులోను, మలాయిలోను ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నది. కలము కూడా పెట్టాము. భోజనానికి పోయేటప్పుడు చదివి, సమ్మతమైతే సంతకం చేయండి. తెలుగులో చేయడం వచ్చినవారు తెలుగులోనే చేయండి.