మే నెలలో కరెంటు పోలేదా?



దంతవైద్య పట్టా అందుకునే రోజున పెద్ద పెద్ద మాటలు చెప్పడం ఆనవాయితీ. నేను మాత్రం ఒక రిజిస్టరు కథ చెబుతాను.

నేను క్లినిక్ పెట్టిన మూడో ఏడు. బస్టాండు ఎదురుగా, మందుల షాపు మేడ మీద రెండు గదులు. ఒక డెంటల్ చైర్, ఒక కంప్రెసరు, ఒక ఆటోక్లేవ్. రేపు తనిఖీకి వస్తారని కబురందింది. ఆటోక్లేవ్ రిజిస్టరు తీసి చూస్తే నాలుగు నెలలుగా ఖాళీ. పరికరాలు రోజూ స్టెరిలైజ్ చేస్తూనే ఉన్నాం, రాయలేదంతే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రాత్రి భోంచేసి కూర్చుని తేదీ, వేళ, 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, సంతకం... ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో పేజీలన్నీ నింపేశాను.

మర్నాడు వచ్చిన పెద్దాయన గోడమీది సర్టిఫికెట్ల వంక కూడా చూడలేదు. రిజిస్టరు తెరిచి నిదానంగా తిప్పుతూ ఒకచోట ఆగారు. “డాక్టరుగారూ, మే నెలంతా మీ ఊళ్ళో ఒక్క పూటైనా కరెంటు పోలేదా?” అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఆ వేసవిలో కరెంటు పోని రోజంటూ లేదు. మధ్యలో ఆగిన ఆటోక్లేవ్‌ని మళ్ళీ మొదటినుంచి పెట్టామా, చేత్తో తాకితే కాలుతోంది కదా అని మూత తీసేశామా? ఆయన అడిగేదాకా ఆ సంగతి నాకు తెలియదని కూడా నాకు తెలియదు.

ఆయన వెళ్ళాక మా అసిస్టెంటు అమ్మాయిని పిలిచి అడిగాను. తలవంచుకుని చెప్పింది: “రెండు మూడుసార్లు మధ్యలో ఆగింది సార్. బయట జనం ఎక్కువున్నారు, మీరు హడావుడిలో ఉన్నారు. చెప్పడానికి భయమేసింది.”

తనిఖీలో నేను తప్పింది ఆ భయం దగ్గరే. రిజిస్టరు దాని తర్వాతి సంగతి.

మీరు రేపు క్లినిక్ పెడితే తిరగాల్సిన గడపలు చాలానే ఉన్నాయి. రిజిస్ట్రేషన్‌కి జిల్లా వైద్యారోగ్య కార్యాలయం, వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి, ఎక్స్-రే యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అంటూ దేన్ని ఎందులో వెయ్యాలో చెబుతాయి. రక్తం అంటిన దూది పసుపులోకి, సూది తెల్లటి గట్టి డబ్బాలోకి. ఇవన్నీ చెయ్యండి. ఒకసారి అలవాటైతే కష్టమేమీ కాదు.

కష్టమల్లా కాగితం చూడలేని చోట ఉంది. ఆటోక్లేవ్ టేపు మీద గీతలు నల్లబడ్డాయంటే ఆ పొట్లానికి వేడి తగిలిందని అర్థం, లోపలి క్రిములు చచ్చాయని కాదు. అది తేల్చేది స్పోర్ టెస్ట్. వేడికి తేలిగ్గా లొంగని బాక్టీరియా బీజాలను లోపల పెట్టి, అవి కూడా చచ్చాయో లేదో చూస్తాం. నల్లగీత చూసి తృప్తిపడే డాక్టరు, నేను నింపిన రిజిస్టరు లాంటివాడే.

తమిళనాడులోని వాణియంబాడి సంగతి మీలో కొందరు చదివే ఉంటారు. 2023లో అక్కడి ఒక దంత వైద్యశాలతో ముడిపడిన పదిమందికి మెలియాయిడోసిస్ మెదడుకు సోకింది. ఎనిమిదిమంది చనిపోయారు. మట్టిలో, నీటిలో బతికే బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు అది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు, వారితో కలిసి పనిచేసిన పరిశోధకులు ఆరా తీస్తే వేలు ఒక సెలైన్ సీసా వైపు తిరిగింది. స్టెరిలైజ్ చెయ్యని పెరియోస్టియల్ ఎలివేటర్ అనే పరికరంతో మూత తెరవడం, వదులుగా మూసి అదే సీసాను మళ్ళీ వాడటం.

ఆ మూత తెరవడానికి ఎంతసేపు పడుతుంది? పది సెకన్లు. ఏడాదికోసారి వచ్చే ఏ అధికారి కంటా పడని పది సెకన్లవి. వాటిని ఆపగలిగిన మనిషి ఆ వేళకు ఆ గదిలోనే ఉండాలి, “సార్, అది వద్దు” అనగలగాలి. అనే చనువు మీరు ఇచ్చి ఉండాలి. క్లినిక్ నిర్వహణ ప్రమాణాల మీద ఎన్ని పుస్తకాలు తిరగేసినా, నాకు చివరికి మిగిలింది ఈ ఒక్క కొలబద్దే: మీ దగ్గర అందరికంటే తక్కువ జీతం తీసుకునే మనిషి మీ చెయ్యి పట్టుకుని ఆపగలదా?

తనిఖీ అయిన మర్నాడే రిజిస్టరూ పెన్నూ ఆ అమ్మాయికి ఇచ్చేశాను. వారం తిరక్కుండా ఆమె రాసిన ఒక వరస ఇది: “12-10కి కరెంటు పోయింది. మళ్ళీ పెట్టాలి. సార్‌కి చెప్పాను. పేషెంట్లని సాయంత్రం రమ్మన్నారు.”

ఆ మధ్యాహ్నం వెనుదిరిగిన నలుగురిలో ఇద్దరు మళ్ళీ రాలేదు. ఆ పేజీ మాత్రం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

మీ బల్ల సొరుగుల్లోనూ అలాంటి పేజీలు ఉండాలని ఆశీర్వదిస్తూ, సెలవు.